యాభై నాలుగో పేజీ

నేను ఒక బైండు పుస్తకాన్ని. ఆవిష్కరణ సభలో రిబ్బను విప్పించుకుని, పెద్దమనుషుల పక్కన ఫొటో దిగే జాతి కాదు నాది. వారపత్రికల్లోంచి బ్లేడుతో కోసిన కథలన్నీ ఒకచోట చేర్చి, కుట్టి, అట్ట వేస్తే నేనయ్యాను. నాకు ముందుమాట లేదు, విషయసూచిక లేదు, వెల అసలే లేదు. ఒక కథ అయిపోయాక కాగితం తిప్పితే తలనూనె ప్రకటన కనిపిస్తుంది, లేకపోతే ఆ వారం రాశిఫలాలు. మీనరాశివారికి శుభవార్త అని నా కడుపులో ఇప్పటికీ అచ్చై ఉంది. ఆ వార్త ఎవరికైనా చేరిందో లేదో నాకు తెలియదు.

ఈ కాలం పిల్లలు నా జాతిని చూసి ఉండరు. ఒకప్పుడు పత్రికలను పాతకాగితాలవాడికి వేసే ముందు నచ్చిన సీరియలో, కథలో కోసి దాచుకోని ఇల్లు ఉండేది కాదు. మనుషులకు అదొక చిత్రమైన గుణం. మొత్తం పత్రికను తూకానికి ఇచ్చేస్తారు, అందులో నాలుగు కాగితాల కోసం మాత్రం ప్రాణం పెడతారు.

నా వీపు మీద 'పట్నం మాయలు' అని తెల్లరంగుతో రాసి ఉంటుంది. లోపలివన్నీ ఆ రకం కథలే. వాటిలో అడవులూ రాకుమారులూ ఉండరు. సిటీబస్సులు, బ్యాంకులు, అద్దె వాటాలు ఉంటాయి, వాటి సందుల్లోంచే మాయ తొంగిచూస్తుంది. ఒక కథలో బీచిరోడ్డు మీది విగ్రహం తెల్లవారకముందే దిమ్మె దిగి వచ్చి ఇడ్లీ బండి ముందు వరసలో నిలబడుతుంది. ఇంకొక కథలో బ్యాంకు లిఫ్టు ఇంకా కట్టని అంతస్తులో ఆగుతుంది. అన్నీ మార్తాండమూర్తి అనే ఒక్క రచయితవే. అన్నీ ఆయనవేనని అందరూ అనుకున్నారు. ఆయనకు నగరమంటే ఇష్టమే గానీ దాని మీద నమ్మకం లేదు. ఆయన కథల్లో పోయినవాళ్ళు తిరిగి రారు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, నా బాధంతా దానిచుట్టే ఉంది.

విశాఖపట్నం అల్లిపురంలో ఒక పాత పెంకుటింట్లో వీధివైపు వాటాలో ఒక అక్కా తమ్ముడూ అద్దెకుండేవారు. అక్క నూకరత్నం, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. తమ్ముడు భానోజీ, పాలిటెక్నిక్ చదివేవాడు. అమ్మా నాన్నా లేరు కాబట్టి రెండు పదవులూ రత్నమే వెలగబెట్టేది. మాయ కథలంటే ఇద్దరికీ పిచ్చి. కానీ రత్నానికి మార్తాండమూర్తి పేరు కనిపిస్తేనే అది కథ. మిగతావి పేజీ తిప్పేసేది. భానోజీ తీరు వేరు. ఎన్నడూ పేరు వినని రచయిత తగిలితే వాడికి పండగే.

"పేరున్నోళ్ళు ఎటు తీసుకెళ్తారో మనకి ముందే తెలుసక్కా. పేరు తెలీనోళ్ళయితే ఎక్కడ దింపుతారో తెలీదు. మజా అంతా అక్కడే ఉంది" అనేవాడు. తనకంత తీరిక లేదని, తనను మార్తాండమూర్తి దగ్గరే దింపెయ్యమని రత్నం నవ్వేసేది.

ఒక ఏడాది ఆమెను ట్రైనింగుకని హైదరాబాదు పంపారు. తాను తిరిగి వచ్చేదాకా ఆయన కథలన్నీ దాచి ఉంచమని తమ్ముడికి చెప్పింది. అక్కడ పత్రిక కొననని, అన్నీ బైండు చేయించుకుని ఒక్కసారే చదువుకుంటానని ఒట్టు పెట్టుకుంది. మిఠాయి పొట్లం ముందు పెట్టుకుని ఉపవాసం చేసే మనుషులుంటారు చూడండి, ఆ బాపతు.

ఆమె తిరిగి వచ్చేసరికి భానోజీ పరీక్ష తప్పి ఉన్నాడు. ఆ మధ్యాహ్నం ఇంట్లో పెద్ద రభస జరిగింది. "ఈ కాగితాలే కోసుకుంటూ కూర్చో. పాసయ్యేదాకా నా కంటికి కనబడకు" అని ఆమె అనేసి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఏ ఇంట్లో చూసినా వినబడే మాటే అది. అన్నవాళ్ళు సాయంత్రానికి మరిచిపోతారు, పడ్డవాళ్ళు రెండో రోజుకి మరిచిపోతారు. ఈ ఇంట్లో అలా జరగలేదు.

భానోజీ కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత మంచం కింది నుంచి కోసిన కథల కట్ట తీశాడు. ఇంకా కోయాల్సినది ఒక్కటే మిగిలింది, 'నంబరు లేని బస్సు' అనే కథ. ఆ పత్రికలో కథను ముందు పేజీల్లో మొదలుపెట్టి, చోటు చాలక చివరి ముక్కను వెనక ఎక్కడో వేసి, అడుగున 'తరువాయి 54వ పేజీలో' అని రాసేవారు. ఆ బస్సు కథకూ అంతే. పక్కనే తరువాతి వారం పత్రిక కూడా విప్పి ఉంది. అందులోనూ ఎవరిదో కథ యాభై నాలుగో పేజీలోనే ముగుస్తోంది. భానోజీ కళ్ళు అప్పటికి తడిగా ఉన్నాయి. మొదటి వారం నుంచి కథ కోశాడు, రెండో వారం నుంచి యాభై నాలుగో పేజీ కోశాడు. అంత చిన్న పొరపాటు. అసలు ముగింపు పాతకాగితాలవాడి తక్కెడ ఎక్కి, బహుశా బీచిలో ఎవరి చేతిలోనో వేరుశెనగల పొట్లమై ఉంటుంది.

ఆ కట్టను చంకన పెట్టుకుని వాడు కురుపాం మార్కెట్ దగ్గర బైండింగు చేసే అప్పన్న కొట్టుకు వచ్చాడు. అక్కడ అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, ఎందుకంటే నేను పుస్తకం కాబోతూ విన్న మొదటి మాటలు అవే.

"అక్కకి నా మీద కోపం వచ్చింది. ఇది చూస్తే పోద్ది. బుధవారం నేనే వచ్చి పట్టుకెళ్తాను" అన్నాడు. బల్ల మీద నన్ను ఒకసారి సర్ది, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను వాణ్ణి చూడలేదు. ఎవరూ చూడలేదు.

అప్పన్న నన్ను బాగానే తయారుచేశాడు. పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపిన మైదా జిగురు పూశాడు, వీపుకు గుడ్డ అతికాడు, మూడు వైపులా అంచులు సమంగా కోశాడు. ఆ కోతలోనే ఇంకో నష్టం జరిగింది. ఆ పత్రికవాళ్ళు పేరున్న రచయితల పేర్లు కథ నెత్తిన వేసేవారు, కొత్తవాళ్ళ పేర్లు కథ కాళ్ళ దగ్గర వేసేవారు. యాభై నాలుగో పేజీ అడుగున ఉన్న పేరు కత్తికి పోయి, అక్షరాల తలకట్లు మాత్రం మిగిలాయి. చూసేవాళ్ళకు అది సిరా మరక.

బుధవారం వెళ్ళింది. మరో బుధవారం కూడా వెళ్ళింది. చివరికి అప్పన్న చీటీ మీది చిరునామా చూసుకుని నన్ను తానే ఇంటికి తెచ్చిచ్చాడు. అప్పటికే ఆ ఇల్లు ఇల్లులా లేదు. పోలీసు రిపోర్టు ఇచ్చారు, పేపర్లో ఫొటో వేయించారు, ఆసుపత్రులన్నీ తిరిగారు. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఎక్కుతుంటే చూశామని ఒకరన్నారు గానీ, ఏ బస్సో చెప్పలేకపోయారు. అప్పన్న ఆ గందరగోళంలో నన్ను గుమ్మం దగ్గర పెట్టి, తమ్ముడుగారు ఇచ్చారని ఒక్క ముక్క చెప్పి, ఏడుస్తున్న మనిషి ముందు ఎక్కువసేపు నిలబడలేక వెళ్ళిపోయాడు. కోపం సంగతి చెప్పలేదు. బుధవారం సంగతీ చెప్పలేదు. అవి నా దగ్గరే ఉండిపోయాయి. పుస్తకాలు మాట్లాడతాయని మనుషులు అంటుంటారు. మాట్లాడేది మాలో అచ్చైనదే గానీ మేము కాదు.

రత్నం నన్ను చాలా రోజులు ముట్టుకోలేదు. ఒక సాయంత్రం తెరిచి 'నంబరు లేని బస్సు' దగ్గర ఆగిపోయింది. ఆ కథలో దీపాలు పెట్టే వేళకు నగరంలోకి ఒక నంబరు లేని బస్సు వస్తుంది. మాట పడ్డవాళ్ళు, ఓడిపోయినవాళ్ళు అది ఎక్కుతారు. అది వాళ్ళను ఈ ఊరి వెనకే ఉన్న ఇంకో ఊరికి తీసుకెళ్తుంది. అక్కడా ఇవే వీధులు, ఇవే కొట్లు. ఎక్కినవాళ్ళకు ఎవరూ గుర్తుండరు. ఒక తల్లి కొడుకు ఆ బస్సెక్కి పోతాడు, ఆమె రోజూ స్టాపులో నిలబడుతుంది. అక్కడ పేజీ అయిపోతుంది. తిప్పితే యాభై నాలుగో పేజీ.

'ఆ సాయంత్రం తలుపు గడియ వేసి లేదు. అబ్బాయి లోపలికి వచ్చాడు. ఎక్కడికి వెళ్ళావని ఆమె అడగలేదు. కాళ్ళు కడుక్కో, అంది. కడుక్కుని వచ్చి, అన్నం ఉందా అన్నాడు. ఉంది.'

రత్నం ఆ ముక్క ఎన్నిసార్లు చదివిందో నా కాగితానికి తెలుసు. అక్కడ మూల నలిగి గుడ్డలా మెత్తబడింది. మార్తాండమూర్తి అంతటివాడు, ఒక్కరినీ తిరిగి రానివ్వనివాడు, ఈ ఒక్క కథలో కనికరించాడని ఆమె పక్కవాటావాళ్ళతో అంది. ఆ పేజీ ఆయనది కాదని అరవాలనిపించింది నాకు. మరుక్షణమే, అరవలేకపోవడమే మంచిదనిపించింది. ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టింది మరి.

దీపాలు పెట్టే వేళ నుంచి పడుకునేదాకా ఆ వాటా తలుపుకు గడియ పడలేదు. బియ్యం ఒక గుప్పెడు ఎక్కువ పోసేది. ప్రమోషను మీద రాజమండ్రి వేస్తే వద్దని రాసిచ్చింది. తోటి ఉద్యోగి ఒకాయన, మంచివాడు, పెళ్ళి చేసుకుని తునిలో కాపురం పెడదామన్నాడు. తమ్ముడికి ఈ గుమ్మం తప్ప ఇంకోటి తెలియదని ఆమె జవాబు. ఆయన కొన్నాళ్ళు చూసి వేరే పెళ్ళి చేసుకున్నాడు. ఆ తలుపులోంచి పిల్లులు వచ్చాయి, ఎన్నికలవాళ్ళు వచ్చారు, ఒకసారి దొంగ కూడా వచ్చి ప్రెషర్ కుక్కరు పట్టుకుపోయాడు. అయినా గడియ పడలేదు. ఒక ముక్క కాగితం మనిషిని బతికించగలదు, ఒకేచోట కట్టిపడేయగలదు కూడా. ఆ రెండు పనులూ నేనే చేస్తూ ఏళ్ళ తరబడి కిటికీ పక్క గూట్లో కూర్చున్నాను.

ఆమె రిటైరయింది. జుట్టు తెల్లబడింది. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన పోయి, ఆయన కొడుకు జోగారావు అపార్ట్‌మెంటు కడతానన్నాడు. మిగతా వాటాలన్నీ ఖాళీ అయ్యాయి. జోగారావు ఈ ఇంటి అరుగు మీద ఆడి పెరిగినవాడే, గట్టిగా అనలేడు.

"రత్నమత్తా, నిన్ను ఖాళీ చేయించొద్దన్న నాన్న మాట కోసం ఇన్నాళ్ళు ఊరుకున్నాను. ఒక్క నీ వాటా వదిలీసి చుట్టూ కూల్చమంటావా?" అన్నాడు. ఆమె గుమ్మం కేసి చూసి, ఇంకొన్నాళ్ళు ఆగమంది. ఆ ఇంకొన్నాళ్ళకు అంతం లేదని వాడికీ తెలుసు.

ఆ ఏడాది పుస్తకాల ఎగ్జిబిషన్‌లో మార్తాండమూర్తి కథల సంపుటం కనిపించింది. ఆయన పోయాక ఎవరో శ్రద్ధగా అన్నీ వెతికి అచ్చువేశారు. రత్నం ఎగిరి గంతేసి కొని తెచ్చుకుని, ముందుగా బస్సు కథ తీసింది. ఆ సంపుటం నా పక్కనే ఉంది, నున్నగా, రంగుల అట్టతో. నాకైతే గుండె జారింది. పుస్తకానికి గుండెక్కడిదని అడగకండి, కుట్టు ఉన్నచోట ఉంటుంది.

అందులో అసలు ముగింపు ఉంది. ఒకరోజు ఆ బస్సు స్టాపులో ఆగుతుంది. కిటికీ పక్కన కొడుకు ఉంటాడు. తల్లి పేరు పెట్టి పిలుస్తుంది. వాడు ఆమెను చూసి, ఆవిడెవరని కండక్టరును అడుగుతాడు. బస్సు కదులుతుంది. ఆమె ఇంటికి వచ్చి గడియ వేసుకుంటుంది. కథ అయిపోయింది.

రత్నం మొదట కోప్పడింది. అచ్చువాళ్ళు తప్పు చేశారనుకుంది. మర్నాడే నన్ను సంచిలో పెట్టుకుని ఆ స్టాలుకు వెళ్ళింది. సంపుటానికి సంపాదకత్వం చేసిన మృదుల అనే అమ్మాయి అక్కడే ఉంది. ఆఖరి పేజీ మార్చేశారని, అసలుది తన దగ్గర ఉందని రత్నం నన్ను బల్ల మీద విప్పి పెట్టింది. మృదుల నన్ను చాలా మర్యాదగా పట్టుకుంది. ముందు పేజీ చూసింది, యాభై నాలుగో పేజీ చూసింది. రెండు కాగితాలనూ వెలుగుకు పట్టి, వేళ్ళతో తడిమింది. ఒకదాని రంగు కొంచెం వేరు, అక్షరాల సైజు కూడా కొంచెం వేరు. ఇన్నేళ్ళలో రత్నం అవి చూడలేదు, చూడాలనుకోలేదు.

"అమ్మా, మీరు బాధపడకండి. ఈ పేజీ ఆయన రాసింది కాదు. ఇంకో వారం పత్రికలోది, పొరపాటున కలిసింది."

"మరెవరు రాసేరు?"

"తెలీదండీ. పేరు కోతలో పోయింది."

పేరు తెలీనోళ్ళు. అది భానోజీ మాట. ఎవరు కోశారని మృదుల అడిగింది. మా తమ్ముడని చెప్పి, నన్ను మూసి, సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం వాటా తలుపుకు గడియ పడింది. తుప్పు పట్టిన గడియ, కిర్రుమని ఏడ్చింది. బియ్యంలో గుప్పెడు తగ్గింది. రెండో రోజు పొయ్యే వెలగలేదు. మూడో రోజు ఆమె తనంత తానే జోగారావును పిలిచి, "కూల్చుకో నాయనా. నాకింక ఇక్కడ పనేటీ లేదు" అంది. ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసిన మాట వినబడితే వాడు సంతోషించాలి. వాడు హడలిపోయాడు. వాళ్ళావిడ చేత కేరియరు పంపించాడు. అది మూత తియ్యకుండానే తిరిగి వెళ్ళింది.

నేను గూట్లో బోర్లా పడి ఉన్నాను. నా మీద కోపమో, తమ్ముడి మీద కోపమో, తన మీదో. ఆ మాటకొస్తే నాకూ అందరి మీదా కోపంగానే ఉంది. వాడు కోపం పోగొట్టడానికి పంపిన పుస్తకాన్ని నేను. నన్ను చూసి ఆమె నవ్వాలి. ఆమె నన్ను చూసి ఒక్కనాడూ నవ్వలేదు, ఇప్పుడు చూడ్డమే మానేసింది.

మృదుల మరిచిపోలేదు. గ్రంథాలయంలో ఆ పత్రిక పాత సంచికలు తిరగేసి, ఆ యాభై నాలుగో పేజీ ఎవరిదో పట్టుకుంది. కథ మొత్తం జిరాక్సు తీసి, తానే అల్లిపురం వచ్చి ఇచ్చింది. 'తలుపు తోడు' దాని పేరు, రచయిత్రి ఆర్. గౌరీశ్వరి, సోంపేట. ఆమె రాసిన ఇంకో కథ ఎక్కడా దొరకలేదని మృదుల చెప్పింది. రత్నం ఆ కాగితాలు తీసుకుని పక్కన పెట్టింది. అమ్మాయి వెళ్ళాక చాలాసేపటికి కళ్ళజోడు వెతుక్కుంది. ముక్కూ ముఖం తెలియని రచయిత కథను మొదటి వాక్యం నుంచి చదవడం ఆమెకు జన్మలో అదే మొదలు.

అదొక అద్దె ఇళ్ళ నగరం కథ. అందులో ఒక తల్లికి ఏటేటా ఇల్లు మారక తప్పదు. కొడుకు చిన్నప్పుడే అలిగి వెళ్ళిపోయాడు. ఇల్లు మారిన ప్రతిసారీ, వాడు వస్తే పాత గుమ్మం ముందు నిలబడి వెనక్కి పోతాడేమోనని ఆమె ఏడుస్తుంది. కానీ ఆ ఊళ్ళో తలుపులకు మనుషులు గుర్తుంటారు. సామాను బండి వెళ్ళిన మర్నాడు, పాత తలుపు మెల్లగా మడతబందులు ఊడదీసుకుని, సందులు దాటి, కొత్త ఇంటికి వచ్చి నిలబడుతుంది. ఇంటాయనలు దాని మీద ఫిర్యాదులు చేస్తారు, మున్సిపాలిటీ నోటీసులిస్తుంది, అది లెక్కచెయ్యదు. చివరికి ఎన్నడూ చూడని వీధిలో, ఎన్నడూ ఎక్కని మేడ మీద, ఆ అబ్బాయి తనకు తెలిసిన తలుపును చూస్తాడు. తరువాయి యాభై నాలుగో పేజీలో.

రత్నం లేచి వచ్చి నన్ను తిరగేసింది. జిరాక్సు పక్కన నా పాత పేజీ పెట్టి చూసుకుంది. ఆ సిరా మరక మీద వేలు పెట్టి, "గౌరీశ్వరి" అని చదివింది. "ఈ కథ భానోజీ చదివే ఉంటాడు. పేరు తెలీనోళ్ళవి వాడు వదిలీవాడు కాదు" అంది. అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏడ్చినట్టు కాదు, చిన్నపిల్లలా గట్టిగా, ముక్కు చీదుకుంటూ. తర్వాత పొయ్యి వెలిగించింది.

జోగారావు మళ్ళీ వచ్చినప్పుడు, తాను వెళ్ళిపోతానని, అయితే తనకొకటి కావాలని అంది. అడ్వాన్సేమోననుకుని వాడు జేబు తడుముకున్నాడు.

"ఈ తలుపు కావాలి."

పాతకాలపు టేకు తలుపు అది, అమ్మితే మంచి ధరే వస్తుంది. జోగారావు దాన్ని ఒకసారి, ఆమెను ఒకసారి చూశాడు. వడ్రంగిని తీసుకొస్తానన్నాడు.

ఇప్పుడు మేము మర్రిపాలెంలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాం. ద్వారబంధంతో సహా ఊడదీసిన తలుపు లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా మోయించాల్సి వచ్చింది. ఇంట్లో అన్ని తలుపులుండగా ఈ మోపు దేనికని ఇరుగుపొరుగు నవ్వారు, వాచ్‌మన్ అయితే ముసలావిడకు మతి చెడిందనే అనుకున్నాడు. ఏ గుమ్మానికీ అది సరిపోలేదు. ముందు గదిలో గోడకు ఆనించి పెట్టారు. వెళ్ళే ముందు రత్నం నన్ను అప్పన్న కొడుకు కొట్టుకు తీసుకెళ్ళి మళ్ళీ కుట్టించింది. మార్తాండమూర్తి అసలు ముగింపు జిరాక్సు తీయించి కలిపింది, గౌరీశ్వరి కథ మొదటి నుంచి కలిపింది. తప్పు పేజీ తీసేసి సరిచెయ్యనా అని అతను అడిగితే, దాన్ని ముట్టుకోవద్దంది. నా పచ్చటి కాగితాల మధ్య ఇప్పుడు తెల్ల కాగితాలున్నాయి. చూడ్డానికి అతుకుల బొంతలా ఉన్నాను, అయినా ఇన్నాళ్ళకు నాలో అబద్ధం లేదు.

దీపాలు పెట్టే వేళ ఆమె ఫ్లాటు తలుపు గడియ వేసుకుంటుంది. ఊరు మారింది, కాలం మారింది, వేసుకోవాలి. ఆ తర్వాత ముందు గదిలోకి వచ్చి, గోడకు ఆనించిన ఆ పాత తలుపు గడియ తీస్తుంది. దాని వెనక సున్నం గోడ తప్ప ఏమీ లేదు. తీశాక వంటింట్లోకి వెళ్ళి, బియ్యంలో ఇంకో గుప్పెడు పోస్తుంది. ఆశ పోయి చేస్తోందో, ఉండి చేస్తోందో నేను చెప్పలేను. మనిషి ముఖంలో ఆ రెండూ ఒకేలా ఉంటాయి.

నేను ఆ తలుపు పక్క అరలోనే ఉంటాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే నా కుట్టు బిగుసుకుంటుంది. అక్కకు కోపం పోయిందని వాడికి చెప్పాల్సిన మాట నా దగ్గరే మిగిలిపోయింది. నన్ను తానే వచ్చి పట్టుకెళ్తానన్నాడు. బుధవారం అన్నాడు. ఏ బుధవారమో చెప్పలేదు.